నాన్న చెయ్యి కోసం మా అన్నయ్య

రండి, దగ్గరికి జరగండి, గొంతు పెంచే ఓపిక లేదు నాకు. ఒరేయ్, ఆ అద్దం వదిలి నువ్వు కూడా రా. చెయ్యి మడిచి చూసుకున్నది చాల్లే, కండ ఎక్కడికీ పారిపోదు. ఏంటీ, ఎంత చేసినా గుండ్రంగా రావట్లేదా? అచ్చం మీ పెద్దతాత మాటే. మా అన్నయ్య. ఆయన అనాలి గానీ, వాడు పోయి ఇన్నేళ్లయినా నాకు నోరు తిరగదు.

మా నాన్న గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. చెయ్యి మడిస్తే కండ కోడిగుడ్డు నిలబెట్టినట్టు లేచేది. మేమిద్దరం దానికి వేలాడేవాళ్లం. ఉన్నట్టుండి పోయాడు. ఆ దేవుడికి ఏం తొందరొచ్చిందో... తప్పు తప్పు, స్వామిని అనకూడదు. ఫొటో అయినా లేదు మాకు. ఆ చెయ్యి మళ్లీ చూడాలంటే తన ఒంటి మీదే చూడాలని అన్నయ్యకి పిచ్చి పట్టుకుంది. పొద్దున్నా ఇనుప బరువులే, సాయంత్రమూ ఇనుప బరువులే, చేతి ముందు వైపు కండ మీదే బాదుడు. చెయ్యి పెరగడం మాట దేవుడెరుగు, వాచిపోయి ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. అమ్మే తినిపించేది. వ్యాయామశాల మాస్టారు చూసి, "మొద్దు వెధవా, కండ పెరిగేది ఎత్తేటప్పుడు కాదురా, పడుకున్నప్పుడు! చేతి లావులో సగానికి పైగా వెనక వైపు కండదే, దాన్ని గాలికొదిలేశావు" అని తిట్టారు. విన్నాడు. చొక్కా చేతులు పిగిలేంత పెరిగింది. కానీ గుండ్రమా? అబ్బే! సొరకాయలా మోచేతిదాకా పొడుగ్గా పరుచుకుంది. మాస్టారు చెయ్యి మడిపించి కండకీ మోచేతి మడతకీ మధ్య వేలు పెట్టబోతే దూరే సందు లేదు. "లావు నీ కష్టంరా, ఆకారం పుట్టుక. పైవాడు పోసిన అచ్చు మార్చడానికి నేనెవర్ని?" అన్నారు. వాడొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా అత్త, "ఏరా, సంబంధం తప్పిపోయిందా?" అని వేళాకోళం. "నాన్న రాలేదత్తా" అన్నాడంతే.

ఆఁ, చెప్తున్నా, ఆగవే. ఆ తర్వాత అమ్మ స్నానాల గదిలో జారిపడింది. మేముండేది మూడో అంతస్తు, ఇరుకు మెట్లు. ఎవరు ముట్టుకున్నా కేకలే. అన్నయ్య పక్కన కూర్చుని, "ఎత్తుతున్నానమ్మా. ముందు వీపు కింద చెయ్యి పెడతాను, తర్వాత మోకాళ్ల కింద. సరేనా?" అన్నాడు. ఆవిడ ఊఁ అనేదాకా ముట్టుకోలేదు. ఆసుపత్రికని మెట్లు దిగుతుంటే అమ్మ ఆ కండకి చెంప ఆనించి, "ఇది మా నాన్న చెయ్యిరా" అంది. "పడవలు లాగేవాడు. ఇలాగే పొడుగ్గా, దిండులా ఉండేది. నన్నెత్తుకుని ఏరు దాటించేవాడు. ఇన్నాళ్లూ చొక్కాలో దాచావేంట్రా!" అన్నయ్య మెట్టు మీదే ఆగిపోయాడు. ఆ తాత మేం పుట్టకముందే పోయాడు మరి, ఎవరికి తెలుసు?

అమ్మ మళ్లీ నడవలేదు. మంచం మీంచి కిటికీ దగ్గర కుర్చీకి రోజూ అన్నయ్యే. ఒక్క పూటైనా చెప్పకుండా ఎత్తలేదు. ఇప్పుడు ఆ చెయ్యీ లేదు. మీలో ఎవరికైనా దిగిందేమోనని మీరు అన్నం కలుపుతుంటే దొంగచూపులు చూస్తుంటాను...

కండలదేముంది, వస్తే వస్తాయి. వాడి పని ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. మనిషిని ఎత్తే ముందు చెప్పాలి, ఊఁ అనేదాకా ఆగాలి. సరే, చాలు, నడుం పట్టేసింది. లేపరా నన్ను. ఆఁ ఆఁ... ముందు చెప్పు.