టేపు ఎడమవైపు చుట్టింది నేనే

నా అసలు పేరు, ఇంటి నంబరు పై కాగితంలో రాసుకున్నారు. ఇంట్లో నన్ను పిచ్చుక అంటారు. నోరు విప్పి మాట్లాడనని వెక్కిరింపుగా అత్తయ్య పెట్టిన పేరు అది. వయసు ఇరవై రెండు. ఐదో తరగతి వరకు చదువుకున్నాను. ఇంటిపని చేసుకుంటాను. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తారు. ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్లం. శనివారం నుంచి ఇద్దరం.

మా ఆయన స్టేషను బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను ప్లంబరు మీద చెప్పడానికి వచ్చానని ఆయన అనుకుంటున్నారు. నేను చెప్పబోయేది ఆయనకు ఇంకా తెలియదు.

ఏడు నెలల క్రితం మేము ఈ ఇల్లు కొనుక్కున్నాం. అంతకుముందు అద్దె ఇంట్లో ఏది పాడైనా ఓనరుగారు చూసుకునేవారు. సొంత ఇంట్లో దిగిన నాలుగో రోజు పొద్దున పది గంటలకు వంటింటి కుళాయి విరిగి నా చేతికి వచ్చింది. మా ఆయన ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ప్లంబరు, మెయిన్ వాల్వు కట్టెయ్యి, అరగంటలో వస్తాను అన్నారు. మెయిన్ వాల్వు అంటే ఏమిటో నాకు తెలియదు. అడగడానికి సిగ్గేసి సరేనని ఫోన్ పెట్టేశాను. ఆయన వచ్చేసరికి వంటిల్లు, ముందు గది నీళ్లతో నిండిపోయాయి. నేను కుళాయి మూతికి చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నాను. అత్తయ్య మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, "ఏమే పిచ్చుకా, పడవ ఎప్పుడొస్తుందే?" అని అడిగారు.

ప్లంబరు నన్ను ఒక్క మాట అనలేదు. పని అయ్యాక మా ఇద్దరినీ ఇల్లంతా తిప్పి చూపించారు. మెట్ల కింద ఉన్నది మెయిన్ వాల్వు, అది కడితే ఇంటికంతా నీళ్లు ఆగిపోతాయి. సింకు కింద వంకీ తిరిగిన గొట్టాన్ని ట్రాప్ అంటారు, అందులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండి మురుగు వాసనను పైకి రానివ్వవు. అత్తయ్య అది విని, "మీ మామగారి పొట్ట లాంటిదన్నమాట, ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు" అన్నారు. కుళాయి కారితే లోపల వాషరు అరిగిందని అర్థం. అతుకు దగ్గర కారితే గొట్టం మరల మీద చుట్టిన తెల్లటి పల్చని టెఫ్లాన్ టేపు వదులైందని అర్థం. ఆ టేపు కుడివైపుకే చుట్టాలి, ఎడమవైపు చుడితే బిగించేటప్పుడు విడిపోతుంది అని కూడా చెప్పారు.

బాత్రూములో గీజరు కింద చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాన్ని సేఫ్టీ వాల్వు అంటారు. దాని గురించి ఆయన అన్న మాటలు ఇవి. "అమ్మాయీ, ఇది చుక్కలు వదిలిందని కంగారు పడకు. లోపల ఒత్తిడి పెరిగితే వదలడమే దీని పని. ఎక్కువ కారితే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం ముట్టుకోకు." ఈ మాటలు నాకు బాగా గుర్తున్నాయి. ప్లంబరు ఇవేమీ చెప్పలేదని మా ఆయన మీకు రాసిచ్చారు. ఆ రోజు మా ఆయన ఇంట్లో లేరు.

నేను అన్నీ బడిపిల్లలు వాడే నోటుపుస్తకంలో రాసుకున్నాను. అత్తయ్యకు చదవడం రాదు కాబట్టి పాత చీర చింపి ఒక్కో వాల్వుకు ఒక్కో రంగు గుడ్డ కట్టాను. మెయిన్ వాల్వుకు నీలం. సేఫ్టీ వాల్వుకు ఎరుపు. ఎరుపు ముట్టుకోకూడదు అని అత్తయ్య రోజూ నాకే అప్పజెప్పేవారు. పక్కింటివాళ్లతో, మా కోడలు సగం ప్లంబరు అని చెప్పుకునేవారు. నా గురించి ఏ విషయంలోనూ ఎవరూ అలా చెప్పుకోలేదు.

పోయిన వారం మంగళవారం ప్లంబరు వచ్చి కుళాయి వాషరు మార్చి వెళ్లారు. గీజరు జోలికి పోలేదు. బుధవారం నుంచి సేఫ్టీ వాల్వు ఎక్కువ కారడం మొదలైంది. స్విచ్చి వేసినంతసేపూ ధార కట్టేది. గురువారం పొద్దున అత్తయ్య ఆ తడిలో జారారు. తలుపు గడియ దొరకబట్టి పడలేదు కానీ మోకాలు కమిలింది. నేను కొబ్బరినూనె రాశాను.

ఆ రోజు పదకొండు గంటలకు ప్లంబరుకు ఫోన్ చేశాను. ఆయన ఎవరూ అని అడిగారు. వెనక ఎవరో మగవాళ్లు నవ్వుతున్నారు. నాకు నోరు రాలేదు. పెట్టేశాను. ఆయన ఫోనులో ఆ కాల్ ఉంటుంది, చూడండి. ఆయన తిరిగి రెండుసార్లు చేశారు. నేను ఎత్తలేదు. ఎత్తి ఉంటే సరిపోయేది.

ఆదివారం మా ఆయనకు సెలవు, ఆయనే పిలుస్తారు, అంతవరకు మూసి ఉంచుదాం అనుకున్నాను. మూడు రోజులే కదా అనుకున్నాను. నాకు తెలుసు అనుకున్నాను. నాలుగు గంటలకు సామాన్ల కొట్టుకు వెళ్లి, అర అంగుళం ఎండ్ ప్లగ్ ఒకటి, టెఫ్లాన్ టేపు ఒకటి ఇవ్వండి అని అడిగాను. ఎండ్ ప్లగ్ అంటే గొట్టం చివర మూసే మర బిరడా. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏమ్మా, మీ ఆయన ప్లంబరా?" అన్నారు. నేను, "కాదండీ, నేనే" అన్నాను. కొత్తవాళ్లతో నేను వేళాకోళం ఆడడం అదే మొదటిసారి. దారంతా నవ్వుకుంటూ వచ్చాను.

ఎర్ర గుడ్డ విప్పాను. బిరడాకు టేపు చుట్టి సేఫ్టీ వాల్వు మూతికి బిగించాను. ఎర్ర గుడ్డ మళ్లీ కట్టేశాను. కారడం ఆగింది. అత్తయ్య అరికాలితో నేల తడిమి చూసి, పొడిగా ఉందే అన్నారు. మా ఆయనకు చెప్పవద్దు, ఆదివారం మనమే చూపించి ఆశ్చర్యపరుద్దాం అన్నారు.

శనివారం పొద్దున ఐదు నలభై ఐదుకు గీజరు స్విచ్చి వేసింది నేనే. ఆరున్నరకు స్నానం చేయాల్సిన అత్తయ్య, చెల్లెలి దగ్గర నుంచి ఫోన్ వస్తే మాటల్లో పడ్డారు. ఆరు నలభైకి తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. కుళాయి తిప్పిన చప్పుడు కూడా నేను వినలేదు. పెద్ద శబ్దం వచ్చింది. తలుపు బయటికి ఊడిపడింది. ఇల్లంతా ఆవిరి. నేను ముందు మెట్ల కిందికి పరుగెత్తి మెయిన్ వాల్వు కట్టాను. నేర్చుకున్న పని అది. అత్తయ్య దగ్గరికి ముందు వెళ్లాల్సింది. నేను ముందు వాల్వు కట్టాను. ఆస్పత్రిలో పదకొండు ఇరవైకి అత్తయ్య పోయారు. మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, "నీ చేతులు కాలలేదు కదే?" అని అడిగారు.

నీళ్లు కాగాక కరెంటు ఆపే భాగం పాడైపోయిందని, అందుకే వాల్వు అంత కారిందని మీవాళ్లు మా ఆయనకు చెబుతుంటే విన్నాను. అంటే అది మాకు చెబుతూనే ఉంది. నేను దాని నోరు మూశాను.

సాయంత్రం ప్లంబరు వచ్చారు. నేల మీద పడి ఉన్న వాల్వును, బిరడాను చేతిలోకి తీసుకున్నారు. బిరడా నుంచి టేపు విడిపోయి తోకలా వేలాడుతోంది. ఆయన దాన్ని వేలితో తిప్పి చూశారు. తర్వాత నన్ను చూశారు. రెండూ కింద పెట్టేశారు. ఆదివారం మీరు ఆయనను స్టేషనుకు తీసుకెళ్లినప్పుడు కూడా నా పేరు చెప్పలేదు. ఈ రోజు బుధవారం. ఆయనకు నా ఈడు కూతురు ఉంది. నిన్న ఆమె మా గుమ్మం దాకా వచ్చి, తలుపు కొట్టకుండా తిరిగి వెళ్లిపోవడం కిటికీలో నుంచి చూశాను.

మీ బల్ల మీద కవరులో ఉన్న బిరడా చూడండి. టేపు ఎడమవైపుకు చుట్టి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ పని చేసేవాళ్లు అలా చుట్టరు. నాది ఎడమచేతి వాటం. కుడివైపుకు చుట్టాలని నోటుపుస్తకంలో రాసుకున్నాను కానీ చెయ్యి దాని అలవాటున అది చుట్టింది.

ప్లంబరును ఇంటికి పంపండి. మా ఆయనను లోపలికి పిలవండి. ఆయనకు ఈ కాగితం చదివి వినిపించవద్దు, నేనే చెబుతాను.

ఇందులో ఉన్నదంతా నేను నా నోటితో చెప్పింది. నాకు చదివి వినిపించారు, నేనూ కూడబలుక్కుని చదువుకున్నాను. ఒక్క మాట కూడా కొట్టేయాల్సినది లేదు. రాసుకున్న అధికారి ఎదుట, బుధవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, ఎడమ చేత్తో సంతకం చేశాను.