లింకు మీద వచ్చే ఆ ఒక్కరు

గడియారాల బాబాయి కంటికి బిగించుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడంటే, చేతికి సెలవిచ్చి నోటికి పని చెప్పాడని అర్థం. అది చూసి పక్కన జిరాక్స్ షాపు నడిపే బావమరిది స్టూలు లాక్కున్నాడు. కొరియర్ ఆయన బండికి స్టాండు వేసి గుమ్మానికి ఆనుకున్నాడు. వాచీకి పట్టీ మార్పించుకోవడానికి వచ్చిన దర్జీ అమ్మాయి బెంచీ చివర సర్దుకుంది. బాబాయి చొక్కా కాలరుకి ఒక పక్క పిన్నీసు ఉండటం ముందుగా ఆమె కంటనే పడింది. దర్జీ కళ్లు కదా.

పట్టీ ఒట్టి వంకే. ఆమె తీరిక దొరికినప్పుడు పాత బట్టల మరమ్మతు మీద బ్లాగు రాస్తుంది. దానికి పొద్దున్నే ఒక్కరంటే ఒక్కరు వస్తారు, అదీ ఈ బాబాయి బ్లాగులో ఉన్న లింకు నొక్కి. ఎక్కణ్నుంచి వచ్చారో బ్లాగులో కనిపిస్తుంది కానీ వచ్చిందెవరో తెలీదు. ఎవరి కోసం ఈ రాతలని మూసేయబోయినప్పుడల్లా ఆ ఒక్కరూ గుర్తొచ్చి ఆగేది. ఈమధ్య విసుగొచ్చి ఒక పాఠం సగంలో వదిలేసింది కూడా. ఆ మనిషెవరో తెలుసుకుని, ఉంచాలో మూసేయాలో తేల్చుకుందామని ఆయన బ్లాగులో ఉన్న షాపు చిరునామా పట్టుకుని వచ్చింది.

"మొదట్లో నా బ్లాగు మీద ఈగ కూడా వాలేది కాదనుకో," బాబాయి అందుకున్నాడు. "అప్పుడు నేనేం చేశానో తెలుసా? గోడ గడియారాల గురించి ఎవరో పెద్దాయన రాస్తుంటే ఆయన సైటుకి ఒక లింకు పెట్టాను. ఊరికే, మర్యాదకి. మన గుమ్మం చూపించిన మహానుభావుడెవరా అని వెతుక్కుంటూ వచ్చాడు, నా రాతలు చూసి ముచ్చటపడ్డాడు, తనూ నాకో లింకు పెట్టాడు. అంతే, ఆయన మనుషులంతా నా దగ్గరికొచ్చి పడ్డారు."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు బావమరిది.

"ఉండవోయ్! రుచి మరిగాను కదా, తాళాలవాళ్లకి, గొడుగులవాళ్లకి, పావురాలు పెంచేవాళ్లకి, కనబడ్డవాళ్లందరికీ లింకులు పెట్టుకుంటూ పోయాను. జనం విరగబడ్డారు. ఒకాయన నా బ్లాగులో దిగి, ఆ లింకులోంచి ఈ లింకులోకి పోయి పోయి దారి తప్పాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లావిడ క్యారేజీ పట్టుకుని సరిగ్గా ఇక్కడికే వచ్చింది. మా ఆయన మీ లింకుల్లో ఉన్నాడట, కాస్త ఈ అన్నం అందించండీ అని."

"అందించావా?" అన్నాడు కొరియర్ ఆయన.

"పావురాల సైటు దగ్గర దొరికాడు. గడ్డం పెరిగిపోయింది, పాపం. అదలా ఉంచు. మొన్నామధ్య దుమ్ము దులుపుదామని ఒక్క లింకు పక్కకి తీశానా, దండెం తెగినట్టు దేశదేశాల సైట్లన్నీ కిందపడ్డాయి! పెద్దపెద్ద ఆఫీసులవాళ్లు ఫోను చేసి ఒకటే ఏడుపు. అయ్యా, మీ జనం తాకిడికి సముద్రం అడుగున కేబుళ్లు కాలిపోతున్నాయి, చేపలు ఉడికిపోతున్నాయి, ఆదివారమైనా బ్లాగుకి తాళం వెయ్యండి మహాప్రభో అని."

"ఉప్పు కూడా అక్కడే ఉంది కదా బావా, ఇక వడ్డించడమే!"

"నవ్వు నవ్వు. నేను లింకు పెట్టినవాళ్ల దశ తిరిగిందా లేదా, అదడుగు. ఎవరో అమ్మాయి, పాత బట్టలు బాగుచేసుకోవడం మీద రాస్తుంది. దిక్కూమొక్కూ లేని బ్లాగు. జాలేసి లింకు పెట్టాను. ఇప్పుడు నా దగ్గర్నుంచి రోజూ లక్షలమంది అటే పోతున్నారు, ఆవిడకి ఊపిరాడటం లేదట!"

దర్జీ అమ్మాయి మనసు చివుక్కుమంది.

"ఆ బ్లాగు నాదే బాబాయిగారూ," అంది. "లక్షలు కాదండీ. మీ లింకు మీద వచ్చేది ఒక్కరే. పొద్దున్నే వస్తారు. మీ షాపు సెలవురోజున మాత్రం రారు."

కొరియర్ ఆయన కిసుక్కుమన్నాడు. బావమరిది షాపు మూలనున్న కంప్యూటరు వైపు చూశాడు. "ఇంట్లో నీకు ఇంకో కంప్యూటరు లేదు కదూ బావా?"

బాబాయి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు, చేతిలో వాచీ లేకపోయినా. "పెట్టిన లింకు పనిచేస్తోందో లేదో చూసుకోవద్దూ మరి," అని గొణిగాడు.

అయితే ఆ ఒక్కరు కూడా చదవడానికి వచ్చినవాళ్లు కాదన్నమాట. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఇవాళే మూసేద్దామనుకుని లేచి చెప్పులేసుకుంది.

"అమ్మా, ఆగు," అన్నాడు బాబాయి. తల ఎత్తకుండానే మెడ దగ్గర పిన్నీసు తీశాడు. కుట్లు విప్పిన కాలరు ఒక పక్కకి వేలాడింది.

"అరిగిన కాలరు తిప్పి కుట్టుకోవచ్చని రాశావు. ముందు కుట్లు విప్పమన్నావు, విప్పాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పకుండా ఊరుకున్నావు. రాశావేమోనని రోజూ వచ్చి చూసిపోతున్నాను."