నాలుగు గంటల కిక్ఆఫ్

నా పేరు వేగేశ్న అమూల్య. వయసు ముప్పై రెండేళ్ళు. సొంత ఊరు కోనసీమ జిల్లా అమలాపురం. ప్రస్తుతం సౌదీలోని జిజాన్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు కూడా నా బాధ్యతే. నా ఇకామాకు, అంటే ఇక్కడ ఉండే అనుమతికి, పూచీ పడిన కఫీల్ ఆ కాలేజీయే.

ఇది నా రెండో వాంగ్మూలం. మొదటిది ఇంగ్లీషులో ఇచ్చాను. అందులో నేను అన్న ఒక్క మాట పట్టుకుని కాలేజీవాళ్ళు మిగతావన్నీ వదిలేశారు. అందుకని ఈసారి తెలుగులో చెబుతానని దర్యాప్తు అధికారిని అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. నేను చెబుతుంటే రాస్తున్నవారు మనోహర్ గారు, ఇక్కడ రిఫైనరీలో ఇంజినీరు. దీన్ని అరబీలోకి మార్చేది కూడా ఆయనే.

చనిపోయిన అమ్మాయి పేరు అనమ్. నర్సింగ్ రెండో సంవత్సరం. జట్టు కెప్టెన్. పుట్టింది జిజాన్‌లోనే. తండ్రి ఇష్తియాక్ గారిది కడప వైపు, ఇక్కడ ఏసీ టెక్నీషియన్. జట్టులో సౌదీ, ఈజిప్టు, యెమెన్ అమ్మాయిలున్నారు. తెలుగు వచ్చినవాళ్ళం అనమ్, నేను ఇద్దరమే. అనమ్‌ది తండ్రి దగ్గర నేర్చుకున్న తెలుగు. మడమకు టేపు చుట్టేటప్పుడు "మెల్లగాక్కా, అది నా కాలు, పార్సిల్ గాదు" అనేది. ఎప్పుడూ ఆ మాటే అనేది. నేను ఎప్పుడూ నవ్వేదాన్ని.

పోయిన సంవత్సరం వరకు మా కాలేజీల కప్పులో అమ్మాయిల మ్యాచ్‌లు రాత్రి ఇషా నమాజు తర్వాతే మొదలయ్యేవి. ఎండ, గాలిలో తేమ రెండూ కలిపి చూపే మీటరు ప్రతి జట్టు ఫిజియో దగ్గరా ఉంటుంది. అది హద్దు దాటితే కిక్ఆఫ్ అరగంట వాయిదా వేయమని ఏ జట్టు ఫిజియో అయినా అడగవచ్చు. అడిగితే వెయ్యాలని నియమం ఉండేది. ఈ సంవత్సరం ఆ నియమం తీసేశారు. ఫ్లడ్‌లైట్లున్న రాత్రి వేళలు అబ్బాయిల మ్యాచ్‌లకు ఇచ్చారు. అమ్మాయిలకు సాయంత్రం నాలుగు. రిఫరీ విజిల్ వేసేసరికి జట్టు మైదానంలో నిలబడి ఉండాలి. లేకపోతే ఆ మ్యాచ్ ఓడినట్టే, కప్పులోంచి కూడా బయటికి. ఇంటర్నెట్‌లో లైవ్ ఇస్తున్నాం కాబట్టి టైము మార్చడం కుదరదని కమిటీ చెప్పింది. నేను రెండుసార్లు అభ్యంతరం చెప్పాను. మొదటిసారి ఆలోచిస్తామన్నారు. రెండోసారి ఏమీ అనలేదు.

మ్యాచ్ సెప్టెంబరు పద్దెనిమిది, గురువారం. మేం మూడు గంటలకు మైదానానికి చేరాం. అది ప్లాస్టిక్ గడ్డి మైదానం. షూ వేసుకున్నా అరికాళ్ళు చురుక్కుమంటున్నాయి. సముద్రం వైపు నుంచి గాలి లేదు. మీటరు ముప్పై నాలుగున్నర చూపించింది. అది మామూలు ఉష్ణోగ్రత కాదు, తేమ కూడా కలిపిన లెక్క. ముప్పై రెండు దాటితే ఆడకూడదు. మీటరు తీసుకెళ్ళి మ్యాచ్ కమిషనర్‌కు చూపించాను. ఆవిడ చూసి, నాకు తిరిగి ఇచ్చి, "డాక్టర్, ఇది నా చేతిలో లేదు" అన్నారు. నేను డాక్టర్ని కాదు. ఆ మాట ఆవిడకు చెప్పలేదు.

ఎవరికైనా వడదెబ్బ తగిలితే మనిషిని వెంటనే ఐసు నీళ్ళలో కూర్చోబెట్టాలి. ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆ తర్వాత. అందుకోసం కాలేజీ నుంచి పెద్ద టబ్బు తెచ్చాను. గడ్డి పాడవుతుందని మైదానం మేనేజరు దాన్ని లోపలికి రానివ్వలేదు. బయట గేటు దగ్గర కార్ల మధ్య పెట్టించాడు.

డ్రెస్సింగ్ రూములో కోచ్ హనాన్ మేడమ్‌తో ఈ రోజు ఆడవద్దని చెప్పాను. ఆవిడ ఈజిప్టు ఆవిడ. నాకంటే ఆవిడ ముందే భయపడి ఉన్నారు. "నేను చెప్పలేను అమూల్యా. అమ్మాయిలకు నువ్వే చెప్పు" అన్నారు. చెప్పాను. అందరూ అనమ్ వైపు చూశారు. అనమ్ నాతో తెలుగులో అంది.

"అక్కా, ఆడకుంటే కప్పులోంచి తీసేస్తారు. కప్పు లేకుంటే వచ్చే ఏడు అమ్మాయిలకు టీమే ఉండదని డీన్ చెప్పినాడు. మీరూ విన్నారు గదా."

"విన్నాను. టీము పోతే పోనీ."

"మీకు పోతే పోతాది. మాకు ఇదొక్కటే ఉండేది."

తర్వాత జట్టు వైపు తిరిగి అరబీలో ఏదో చెప్పింది. అందరూ లేచారు.

బయటికి వెళ్ళేముందు కోచ్ నన్ను "అనమ్ ఫిట్టేనా?" అని అడిగారు. పోయిన వారం అనమ్ తొడ కండరం పట్టేసింది, అందుకని అడిగారు. నేను ఇంగ్లీషులో చెప్పిన జవాబు ఇది: "అనమ్ ఫిట్. కాని ఈ ఎండకు ఎవరూ ఫిట్ కాదు." కాలేజీవాళ్ళు అధికారికి చెప్పింది ఇందులో మొదటి రెండు మాటలు. రెండో వాక్యం కూడా నేను అన్నాను. కోచ్ విన్నారు. విన్నానని ఆవిడ ఇప్పుడు చెప్పడం లేదు. ఆవిడ ఇకామాకు కఫీల్ కూడా ఆ కాలేజీయే. ఆవిడ మీద నాకు కోపం లేదు.

నాలుగింటికి విజిల్ పడింది. మొదటి బంతి తన్నింది అనమే.

అరగంట దాటాక అనమ్‌కు బంతి దొరికింది. ఎదురుగా ఎవరూ లేరు. గోలు కొట్టేస్తుందనుకున్నాం. వెనక్కి తిరిగి మా గోలు వైపే పరిగెత్తింది. లైవ్ చూసేవాళ్ళు నవ్వుకుని ఉంటారు. అనమ్ కూడా నవ్వుతోంది. ఆ నవ్వు చూడగానే అది వడదెబ్బ అని నాకు అర్థమైంది. ఆట ఆపమని గీత దగ్గర నిలబడి అరిచాను. బంతి బయటికి వెళ్ళేదాకా రిఫరీ ఆపలేదు. అప్పటికి అనమ్ మోకాళ్ళ మీద పడిపోయింది.

ఒళ్ళు నిప్పులా ఉంది. పేరు అడిగాను, చెప్పలేదు. నా చెయ్యి విదిలించి కొట్టింది. మెడ దగ్గరా చంకల్లోనూ ఐసు సంచులు పెట్టాను. గేటు దగ్గర టబ్బులోకి మోసుకెళ్దామన్నాను. అప్పటికే అంబులెన్సు లోపలికి వచ్చింది. అంబులెన్సుకు గడ్డి పాడవలేదు. ముందు చల్లబరచాలి, పది నిమిషాలు ఆగండి అని బతిమాలాను. ఇంగ్లీషులో, హిందీలో, నాకు వచ్చిన కొద్ది అరబీలో చెప్పాను. అందులో ఉన్న మనిషి "మదామ్, ఆలస్యం అయితే నాది బాధ్యత అవుతుంది" అన్నాడు. తలుపు వేసేశారు. నన్ను ఎక్కనివ్వలేదు. వెనక ఇంకో ఇద్దరు అమ్మాయిలు వాంతులు చేసుకుంటున్నారు, నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

సగం ఆట విరామం తర్వాత మళ్ళీ కిక్ఆఫ్‌కు విజిల్ వేశారు. మా జట్టులో ఒక్కరూ లేవలేదు. అవతలి జట్టు అమ్మాయిలు తమ సగంలో నిలబడి మా వైపు చూస్తూ ఏడ్చారు. రిఫరీ వాచీ చూసుకుని, ఆట ముగిసినట్టు మూడుసార్లు విజిల్ ఊదింది.

అనమ్ శనివారం ఉదయం ఆసుపత్రిలో చనిపోయింది. మొదట కిడ్నీలు, తర్వాత కాలేయం పనిచేయడం మానేశాయన్నారు. అంతకుముందు రోజు కమిటీ వాళ్ళు గ్రూపులో మెసేజి పెట్టారు. రెండో సగం కిక్ఆఫ్‌కు మైదానంలోకి రానందున మా కాలేజీ జట్టు ఓడినట్టు ప్రకటిస్తున్నామని ఉంది. కింద అనమ్ త్వరగా కోలుకోవాలని పువ్వు బొమ్మ ఉంది. తర్వాతి వారం డీన్ జట్టును రద్దు చేశారు.

నేను ఎవరిని శిక్షించమని అడగాలో నాకు తెలియదు. కమిటీని అడిగితే నియమం అంటున్నారు. కాలేజీని అడిగితే ఫిజియో ఫిట్ అన్నదంటున్నారు. నేను దేశం దాటకుండా ఆంక్ష పెట్టారు. మా ఆయన శ్రీహర్ష "ఏం రాయమంటే అది రాసి సంతకం పెట్టెయ్, ఇంటికి వెళ్ళిపోదాం" అంటున్నాడు. నన్ను జైల్లో పెడితే ఆ నియమం మారుతుందా అని అధికారిని అడిగాను. కిందటిసారీ అడిగాను. ఆయన రెండుసార్లూ నీళ్ళు తాగమన్నారు. నిన్న సెమీఫైనల్ జరిగింది. అదీ నాలుగింటికే. రెండు జట్లూ దిగాయి.

ఇష్తియాక్ గారు ఖననం అయిన తర్వాత నన్ను కలిశారు. తిడతారేమో అనుకున్నాను. తిట్టలేదు. ఒక్కటే అడిగారు. "అమ్మా, కడాకు బిడ్డ నిన్ను గుర్తుపట్టిందా? తెలుగులో ఏమన్నా మాట్లాడిందా?" గుర్తుపట్టిందని చెప్పాను. అక్కా అని పిలిచిందని చెప్పాను. ఆయన తల ఊపి, రెండు చేతులతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఇందులో అబద్ధం ఉంటే శిక్ష పడుతుందని అధికారి అన్నారు కాబట్టి చెబుతున్నాను. గుర్తుపట్టలేదు. పిలవలేదు. ఈ కాగితం ఆయనకు చూపించవద్దని కోరుతున్నాను.

మనోహర్ గారు పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. నాకు తెలిసినంతవరకు ఇందులో ఉన్నదంతా నిజం.

(సంతకం)
వేగేశ్న అమూల్య
జిజాన్