అక్దస్ ఖానం పిట్ట

ఇరాన్‌లోని కాషాన్‌లో ఒక ఇరుకు సందు. ఊరంతా మధ్యాహ్నం కునుకు తీస్తుంటే తరానె మాత్రం పంజరం మోసుకుని మళ్ళీ ఇంటికొచ్చింది, ఏడుపొక్కటే తక్కువ.

"మళ్ళీ తెచ్చావా! ఇచ్చి రమ్మంటే మళ్ళీ తెచ్చావా?"

"ఆవిడ తీసుకోవట్లేదమ్మా. నేనేం చెయ్యను?"

"ఏమంది?"

"'నీదేనమ్మా, నీకంటే ఎక్కువా' అంది."

"మర్యాదకి అంటారే అలా! టాక్సీ ఆయన డబ్బులొద్దంటాడు, దిగి వచ్చేస్తామా? నువ్వు పిట్ట బాగుందన్నావు, ఆవిడ తీసుకోమంది. వద్దనాలి. ఎవరైనా పంజరం ఎత్తుకొచ్చేస్తారా?"

"బాగుందని కూడా అన్లేదు. చూస్తూ నిలబడ్డానంతే. తనే చేతిలో పెట్టింది."

"అలా నిలబడటమూ అడగటమే. ముందు దాని నోరు మూయించు, మీ నాన్న లేస్తారు."

"ఎలా మూయించను? తెచ్చినప్పట్నుంచీ పాడుతూనే ఉంది. ఉంచుకుందామమ్మా..."

"ఆ మాటన్నావంటే చూడు! మొగుడు పోయాక ఆ ముసలావిడకి తోడు అదొక్కటే. దాన్నీ ఈ మహ్రుఖ్ కూతురు పట్టుకుపోయిందంటే నేను ఈ సందులో తలెత్తుకోగలనా? అసలు ఏమని చెప్పావు?"

"'అమ్మ తిరిగిచ్చెయ్యమంది' అన్నా. 'టీ తాగుతావా' అంది. 'మీ పిట్ట మీరు తీసుకోండి' అన్నా. 'మీ నాన్నగారు కులాసానా' అంది."

"మాట తప్పించడమంటే అదే మరి. పద, నేనే వస్తా. కప్పుకోవడానికి ఆ చాదర్ ఇలా అందుకో."

"అక్దస్ ఖానం! అక్దస్ ఖానం! తలుపు తియ్యండి!"

"ఎంతసేపని కొట్టను ఈ తలుపు? పడుకుందేమో."

"లేదమ్మా, కిటికీలోంచి కనిపిస్తోంది. టీ పోసుకుంటోంది. ఉండు, చెయ్యి ఊపుతా. అదిగో, చూసింది!"

"అయ్యో, మహ్రుఖ్ ఖానం! మీ పాదం నా కళ్ళ మీద. రండి, రండి లోపలికి."

"క్షమించాలి అక్దస్ ఖానం. చిన్నపిల్ల, తెలీక తెచ్చేసింది. మీ పిట్ట మీరు తీసుకోండి."

"మీ ఇల్లే అనుకోండి. టీ తాగండి."

"టీ కాదండీ, పిట్ట! పొయ్యి మీద కూర వదిలేసి వచ్చాను."

"మీకంటే ఎక్కువా?"

"చూశావా? నేను చెప్పలా?"

"నువ్వుండవే! ఇదిగోండి, పంజరం ఇక్కడే పెట్టేస్తున్నా. పెట్టేశా. ఇంక మేం వెళ్తాం."

"వద్దు వద్దు, మహ్రుఖ్ ఖానం! తీసుకెళ్ళండి. మర్యాదకి కాదు, నిజంగానే ఇచ్చాను. నా దగ్గర అది దిగులు పెట్టుకుందమ్మా. చలికాలం నుంచీ ఒక్క కూత లేదు. ఊరికే నోరు తెరుస్తుంది, మూస్తుంది. పిల్ల తిరిగే ఇంట్లోనైనా పాడుతుందేమోనని... తరానె తల్లీ, నీ దగ్గరైనా పాడిందా?"

"అమ్మా, అది ఇప్పుడు కూడా చెవులు గింగురుమనేలా..."

"మాట్లాడకు. ఆవిడ నీకేసే చూస్తోంది. తలూపు, తరానె. పెద్దగా తలూపు."