గిడియోన్ గారు పెట్టని గుర్తు

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న శ్రీ గిడియోన్ గారు 1991 జూన్ 12వ తేదీన మెదక్ పట్టణంలోని మన కార్యాలయంలో టైపిస్టుగా విధుల్లో చేరారు. అధికారులకంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చునే అలవాటు ముప్పై నాలుగేళ్ళలో ఒక్కనాడూ తప్పలేదు.

2004లో కంప్యూటర్లు వచ్చినప్పుడు మేమంతా బిక్కమొహాలు వేస్తే, ఆయన మాత్రం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే విద్యను పట్టుబట్టి వశపరచుకున్నారు. యంత్రానికి పదాన్ని కాక పదాల తీరును చెప్పడమే ఆ విద్య. "కామాకు ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి" అని ఒక్క వరుసలో ఆజ్ఞాపిస్తే పదివేల పేర్లు క్షణంలో కొత్త క్రమంలో నిలబడేవి. మాకు నెల పట్టే పనిని టీ చల్లారేలోపు ముగించి, మా వైపు కొంటెగా చూసేవారు.

2017లో ధర్మపత్ని ఎలిశిబా గారు ప్రభువు సన్నిధికి చేరాక ఆ కొంటె చూపు మాయమైంది. సాయంత్రం అయిదు దాటినా ఆయన లేచేవారు కారు. సహోద్యోగిని దేవిక "ఇంటికి పోండ్రి సార్" అంటే, "పోయి ఏం జేస్త బిడ్డా, గోడలతోని ముచ్చట పెట్టాల్నా?" అనేవారు. ఆ ఒంటరితనం మా అందరికీ తెలుసు. దాన్ని పంచుకునే దారే ఎవరికీ తెలియలేదు.

2019లో, ఊళ్ళ కుటుంబాల జాబితాలో ఇంటి పెద్దగా భార్య పేరుకు ముందు భర్త పేరు రావాలని ఉత్తర్వు వచ్చింది. ఆయన ఒక్క ఆజ్ఞతో అన్నీ తారుమారు చేశారు. ఇంటిని తామే నడుపుకొస్తున్న వితంతువుల పేర్లూ వెనక్కి పోయాయని గమనించలేదు. వారం తిరక్కుండానే టేక్మాల్ నుంచి బాలనర్సమ్మ అనే పెద్దావిడ కాగితం పట్టుకొని వచ్చింది.

"మా ఆయన పోయి ఆరేండ్లాయె సారూ. గీ కాయితంల ఇంటికి పెద్ద గాయనే అని రాసిండ్రు. ఏడున్నడో జర చెప్పుండ్రి, తోల్కపోత."

గదంతా గొల్లుమంది. గిడియోన్ గారు నవ్వలేదు. లేచి ఆమెకు తన కుర్చీ ఇచ్చి, "గా జాగ ఏడుందో తెలిస్తే నేను గూడ వస్తుంటి అవ్వా" అన్నారు. తరువాత తొమ్మిది రోజులు కూర్చుని, నాలుగువందల పన్నెండుమంది వితంతువుల పేర్లను ఒక్కొక్కటే చదువుతూ, చేత్తోనే సరిచేశారు.

గత వారం మన విభాగపు ఉద్యోగుల కుటుంబాల పట్టికలో, చనిపోయారని తెలిపే 'లేటు' అన్న గుర్తున్న ప్రతి పేరుకూ ముందు 'కీర్తిశేషులు' చేర్చే ఆజ్ఞ ఆయనే రాశారు. అన్ని పేర్లూ మారాయి, ఎలిశిబా గారిది తప్ప. ఆ పేరు పక్కన గుర్తే లేదు. ఎనిమిదేళ్ళుగా ఆయన పెట్టనే లేదు.

"గా గుర్తు నువ్వు పెట్టు బిడ్డా, నాతోని అయితలేదు" అని దేవికకు అప్పగించి వెళ్ళారు.

దేవిక దాన్ని ముట్టుకోలేదు. ఆ గుర్తును గిడియోన్ గారే వచ్చి పెట్టాలని విభాగమంతా తీర్మానించింది. కుర్చీ అక్కడే ఉంటుంది, టీ వేడిగా ఉంటుంది. తొందరేమీ లేదు, ఆయురారోగ్యాలతో వారికి నూరేళ్ళు నిండేదాకా గడువు ఇస్తున్నాం.