తాడు మీద బట్టల క్లిప్పు

హలో… ఆ, నేనే. మెట్టుగూడ రుఖియానే.

జెర గట్టిగ మాట్లాడు, గాలి సప్పుడు తప్ప ఏం వినొస్తలేదు… ఎవరూ?… ఓహో, తిరుమల్ అన్న! ఇంక పడవ మీదనే ఉన్నవా?… భీమిలి ఒడ్డుకొచ్చినవా. మంచిది.

లేదు లేదు, పనేం లేదు. జాకెట్లు కుడుతున్న, మిషన్ ఆపిన. చెప్పు.

చూసిన, టీవీల చూసిన. గల్లీ గల్లీ చూసింది. "యుద్ధంల మునిగిన సబ్‌మెరైన్ దొరికింది, సికింద్రాబాద్ తిరుమల్ దొరికిచ్చిండు" అని పొద్దుగాల సంది ఒకటే ఊదుడు. ముబారక్ అన్నా. ఎన్నేండ్ల సంది వెతుకుతున్నవ్ దాని కోసం…

ఏంది, గొంతు గట్లున్నది? సంతోషం లేదా?

—ఆ.

—ఆ, వింటున్న, చెప్పు.

ఆ సబ్‌మెరైన్‌కు ముందే తాడు కట్టి ఉన్నదా! అరె. నీకంటె ముందు ఎవరో పోయి వచ్చిన్రన్నట్టు… తాడుకు ఏమున్నదీ?… క్లిప్పా? ఏం క్లిప్పు?… బట్టలారేసే క్లిప్పు! సముద్రం అడుగున బట్టలెవరు ఆరేస్తరన్నా?

నవ్వుతలేను.

…సరే, నవ్వుతున్న. నవ్వనియ్యి జెర, నవ్వక ఎన్ని దినాలయ్యిందో.

కెమెరాల పడ్డదా? మంచిగ పడ్డదా?… టీవీ పోరగాండ్లు ఏందని అడుగుతున్నరా? నువ్వేం చెప్పినవ్?… "చేపలు పట్టేటోళ్లది కావచ్చు" అన్నవా. బాగ చెప్పినవ్. అబద్ధం నీ నాలుక మీదనే ఉంటది, వెతుక్కునే పని లేదు.

కోపం చేయకు. క్లిప్పు ఎవరిదో నీకు తెలుసు. తెలుసు గనుకనే సీదా నాకు ఫోన్ చేసినవ్. ఒక మూలకు ఎర్ర గోర్ల రంగు ఉన్నది కద?… ఆ. నా గోర్ల రంగే అది.

నేనే పెట్టిన.

…నేనే. తాడు నేనే కట్టిన, క్లిప్పు నేనే పెట్టిన.

జోక్ కాదు. అల్లా కసం.

ఎట్లంటే? దిగిన. నువ్వు దిగినట్టే సిలిండర్ కట్టుకొని దిగిన. మా తమ్ముడు అక్బర్ సచ్చిపోయిన యాడాదే సైనిక్‌పురి స్విమ్మింగ్ పూల్‌కు పోవుడు షురూ చేసిన. మొదట్ల మూతికి నీళ్లు తగిలితెనే పానం పోయేటట్టు అయ్యేది. మిషన్ తొక్కుకునేదానికి ఇదంత ఎందుకని ఆడున్నోళ్లు నవ్విన్రు… హసన్ నేర్పిండు. ఆ, నీ టీంల ఉన్న హసనే. ఎండాకాలం పూల్‌ల, సలికాలం సముద్రంల. నాలుగేండ్లు.

హసన్‌ను తిట్టకు. తిట్టేదుంటె నన్ను తిట్టు.

సబ్‌మెరైన్ ఎట్ల దొరికిందా? నువ్వు మెషీన్లు పెట్టి వెతికినవ్, నేను వలలు అల్లేటోళ్ల కాడ కూసున్న. ఒక్క జాగల వల ఏస్తె తప్పకుండ చినుగుతదంట, తుప్పు అంటుకొని వస్తదంట. నువ్వడిగుంటె నీకు సుత చెప్తుండిరి… లోపలికి పోలే. లోపల పండుకున్నోళ్లు ఏ దేశపోళ్లో, ఏ తల్లి బిడ్డలో. బయట తాడు కట్టి, సలాం చెప్పి, పైకొచ్చేసిన.

పోయిన నెలనే.

ఎందుకు చెప్పలే? నీకెందుకు చెప్తనన్నా! మొన్న హసన్ నీ చెవుల మెల్లగ ఏసిండు చూడు, ఈ దిక్కు ఒకపారి వెతుకు అని? ఏయమన్నది నేనే. నువ్వు టీవీ వాళ్లను వెంటబెట్టుకొని పోవాలె. నువ్వే అందరికంటె ముందుగాల దిగాలె. చెయ్యి సాపంగనే చేతికి అది తగలాలె. గంతే నేను కోరుకున్నది. తగిలింది. మా అల్లా మంచోడు.

…నివాళా? ఎవరికి?… ఆహా. "అక్బర్ పేరు మీద అంకితం చేస్తా, రేపటి మీటింగ్‌ల మీ అమ్మీని సుత స్టేజీ మీదికి పిలుస్తా" అని. శాలువా సుత కప్పుతవా?

వద్దు. ఎవరి నివాళి ఎవరికి కావాలె.

ఒక్కటి అడుగుత చెప్పు. క్లిప్పు తీసినవా, అట్లనే ఉంచినవా?

తియ్యలే… చెయ్యి రాలేదా. ఎందుకు రాలే? చిన్న క్లిప్పే కద, రెండు వేళ్లతోని ఒత్తితె ఊడొస్తది.

రూల్ యాదికొచ్చిందన్నట్టు.

చెప్పు రూల్. మా వానికి నేర్పింది నువ్వే కద… నేను చెప్పాల్నా? మునిగిన ఓడల, లోపలికి పోయేటోడు తాడు పట్టుకొని పోవాలె. దర్వాజ కాడ ఆ తాడుకు తన క్లిప్పు పెట్టాలె. బయటికొచ్చేటప్పుడు తనది తనే తియ్యాలె. క్లిప్పు ఉన్నదంటె మనిషి ఇంక లోపల్నే ఉన్నడు. మనిషి లోపలున్నంత సేపు ఆ తాడు ఎవ్వరు ముట్టద్దు, చీకట్ల వానికి బయటికొచ్చే దారి అదొక్కటే. తప్పు చెప్పిన్నా?

నువ్వు, హసన్, అందరు షాపుల తాడుకు పెట్టే ప్లాస్టిక్ బాణం క్లిప్పులు కొనుక్కున్నరు. మా తమ్ముడు ఇంటి దండెం మీది క్లిప్పులు తీసుకపోయిండు. నా బట్టలు గాలికి ఎగిరిపోతయిరా అంటె ఏమన్నడో తెలుసా? "బురద లేస్తె కింద కండ్లు కనపడవక్కా. బాణాలన్నీ ఒకే తీరుంటయి. ఇది చేతికి తగిలితే చాలు, అక్బర్‌దని అందరికి తెలుస్తది." రంగు నేనేసిన, ఒక్కొక్కదానికి, ఇక్కడనే కూసొని.

నువ్వేం చెప్పినవ్ మాకు? సబ్‌మెరైన్ అనుకొని దిగినం, పాత సరుకుల ఓడ అయ్యింది, ఊకె చూసి వద్దామని లోపలికి పోయినం. అక్బర్ క్లిప్పు పెట్టలే, తాడు పట్టలే, మాట వినలే. గిట్లనే కద? మా ఇంట్ల చాప మీద కూసొని, మా అమ్మీ పోసిన చాయ్ తాగుకుంట చెప్పినవ్. కండ్లల్ల నీళ్లు సుత పెట్టుకున్నవ్.

—నిజమే అంటున్నవా? ఇంక?

సరే విను. కింద నువ్వు చూసింది మిగిలిన క్లిప్పులల్ల ఒకటి. ఆ దినం మా వాడు పెట్టింది ఈడున్నది. నా మిషన్ సొరుగుల.

…

ఏమయ్యింది? 

ఎక్కడ దొరికిందా? నీ రీలుల. తాడు చుట్టే రీలు, పిడి మీద సూదితోని గీకిన నీ పేరు. మా వాని సంచిల ఉన్నది. ఆ సంచి నీ చేతులతో నువ్వే సర్ది ఇంటికి పంపినవ్ పెద్దమనిషి లెక్క. పోలీసోళ్లు నీ సంచి చూస్తరని అండ్ల పెట్టినవా? చచ్చిపోయినోని సంచి ఎవరు తెరుస్తరులే అనుకున్నవా?

నిజమే, తెరవలే. అమ్మీ ముట్టనియ్యలే. మా వాడు రూల్ తప్పిండంటె నా మనసొప్పలే, అందుకే ఈత నేర్సుకున్న. ఈత మంచిగ వచ్చినంక, వాని సామాను నాకు పనికొస్తదని నేనే తెరిచిన. ప్రాక్టీస్‌కని నీ రీలు పూల్‌కు తీసుకపోయిన. తాడు విప్పుకుంట పోతున్న… సగంల క్లిప్పు వచ్చింది. తాడును పట్టుకొనే ఉన్నది. దాని మీదికెళ్లి నువ్వు ఇంక తాడు చుట్టినవ్, చుట్ట మీద చుట్ట. హసన్ చూసి నీళ్లల్లనే నిలబడిపోయిండు.

మా వాడు క్లిప్పు పెట్టిండు తిరుమల్. రూల్ తప్పలే మా వాడు.

అన్న గిన్న అనను ఇంక. నువ్వు సుత చెల్లె అనకు.

…ఆ. అట్ల చెప్పు. బురద లేసింది, కనపడలే. సరే. నీకు గాలి తక్కువైంది, భయమైంది. అది సుత నమ్ముత. నేను సుత దిగిన, భయం తెలుసు నాకు. అక్బర్ ముందే బయటికి పోయిండు అనుకున్నవ్. క్లిప్పు తియ్యకుండ పోతడా వాడు?… మరిచిపోయిండేమో అనుకున్నవ్.

అంటె క్లిప్పు ఉన్నదని నీకు తెలుసు.

చేతికి తగిలిందా లేదా? ఒక్క మాట చెప్పు. బట్టల క్లిప్పది, బాణం కాదు. ఎవరిదో చేతికి తెలుస్తది.

తగిలిందా?

…

తగిలిందా తిరుమల్?

…

ఆ.

తగిలినంక సుత చుట్టినవ్.

…ఏడువకు. నీ ఏడుపు నాకొద్దు. నాలుగేండ్ల సంది ఈ ఒక్క మాట కోసం నీళ్లు మింగిన నేను. నా పానానికి ఇప్పుడు ఎట్లున్నదో తెలుసా? దూప మీద చల్లటి నీళ్లు తాగినట్టు ఉన్నది.

టీవీకి చెప్పద్దంటున్నవా… నీ పిల్లల మొకం చూడాల్నా… చెప్పను. రీలు, క్లిప్పు నా సొరుగుల్నే ఉంటయి. రేపు మీటింగ్ పెట్టుకో, దండలేసుకో. సబ్‌మెరైన్ నీదే, నాకొద్దు.

ఒక్కటే అడుగుత. నాకు చెప్పింది మా అమ్మీకి చెప్పు. ఇప్పుడే. నీ నోటితోని.

ఎందుకంటె — ఆమె నాలుగేండ్ల సంది వాని పేరు ఎత్తలే. ఈద్‌కు దువా చేస్తది, మా అబ్బ పేరు తీస్తది, నా పేరు తీస్తది, వానిది తియ్యది. "మాట విననోడు నన్ను సంపి పోయిండు" అంటది. వాని మీద కోపం పెట్టుకొనే బతుకుతున్నది. ఆ కోపం నువ్విచ్చిందే. నువ్వే తీసుకపో.

…చెప్తవా. కట్ చెయ్యకు. కట్ చేసినవంటె ఆ టీవీ పోరగాండ్ల నంబర్ హసన్ కాడ ఉన్నది.

అమ్మీ! ఓ అమ్మీ, ఆ జాకెట్ల కాజాలు కుట్టుడు పక్కకు పెట్టు. తిరుమల్ ఫోన్ల ఉన్నడు… లేదు, సబ్‌మెరైన్ ముచ్చట కాదు. మన అక్బర్ ముచ్చట… కూసో. స్పీకర్ పెట్టిన.

చెప్పు. గట్టిగ చెప్పు, ఆమెకు ఒక చెవి వినపడది.

…ముందుగాల క్లిప్పు సంగతి చెప్పు. పెట్టిండని చెప్పు.

…ఆ. ఇంక.

…నువ్వేం చేసినవో చెప్పు. మెల్లగ గాదు. గట్టిగ.

…

విన్నవా అమ్మీ? మనోని తప్పు లేదు. ఇసుమంత సుత లేదు. నీ కొడుకు మాట విన్నడు అమ్మీ… అమ్మీ?

ఏందీ?… ఏమంటున్నవ్, నాకు వినపడలే.

…అది వద్దు. అమ్మీ, అది అడగొద్దు. నీ కాళ్లు మొక్కుత.

…

తిరుమల్. అమ్మీ అడుగుతున్నది.

మా వాడు వాపసొచ్చి తాడు కోసం దేవులాడిండా అని. నువ్వు, హసన్ తెల్లారి బయటికి తెచ్చినప్పుడు వాని చేతులు ఎట్లుండె అని… ఆఖరి స్నానం చేయించినప్పుడు ఆమెను లోపలికి రానియ్యలే కద. ఆమెకు తెల్వది.

చెప్పు… నాకు సుత తెల్వది.

…

గోర్లు ఊడిపోయి—

ఆపు. ఆపు, చాలు. చాలన్న కద!

…

అమ్మీ. అమ్మీ, ఇటు చూడు. నీళ్లు తాగుతవా? నా దిక్కు చూడు.

…

తిరుమల్, ఉన్నవా?… ఉండు. ఇది నేను అనుకోలే. నువ్వు ఒప్పుకుంటె ఆమెకు కొడుకు వాపసొస్తడనుకున్న. ఇన్ని దినాలు కోపమన్న ఉండె ఆమెకు. ఇప్పుడది సుత లేదు. ఇంక కండ్లు మూసుకుంటె చాలు, చీకట్ల గోడలు తడుముకుంట కనపడ్తడు వాడు. ఇగో, ఆమె చేతులు చూడు… నీకెట్ల కనపడ్తయిలే. గాలిల తడుముతున్నయి.

నేనే చేసిన ఇది. నువ్వు, నేను, ఇద్దరం కలిసి చేసినం.

లేదు, పొమ్మనలే నేను. ఫోన్ ఆమె పక్కన, చాప మీద పెడుతున్న. నేను ఆమెను పట్టుకోవాలె, నాకు రెండు చేతులు కావాలె. నువ్వు కట్ చెయ్యకు. ఆమె ఏడుపు ఆగేదాక విను. తెల్లారినా సరే, విను.

…అమ్మీ, రా. ఇటు రా, నా ఒళ్లెకు రా.