పొట్టి కాళ్ల కుర్చీ

ఎంత పిలిచినా మా ఆయన రారండీ, ఇనగాకి గారూ! పొద్దుననగా ఏటివైపు వెళ్లిపోయారు. మీరు బస్సు దిగడం చూసే వెళ్లారేమో, ఎవరికి తెలుసు? కూర్చోండి. అయ్యో, దానిమీద కాదు! అది అత్తయ్యది.

టోక్యోలో అందరూ ఎత్తు కుర్చీలే అడుగుతున్నారంటారు. నేను కాదన్నానా? కాళ్లు పొడుగు చేస్తే మీ కొట్టు నిండా మావే పెడతామన్నారు. మా తకయామా ఊళ్లో పనివాళ్లు పని పోయి ఇళ్లకు పోనక్కర్లేదు. ఆ సంగతి నాకు తెలియదూ?

కానీ అది అమ్మడానికి పుట్టింది కాదు కదండీ. యుద్ధం అయ్యాక అత్తయ్య మోకాళ్లు మడత పడటం మానేశాయి. నేలబారు బల్ల ముందు కూర్చోలేని మనిషి ఏం చేస్తుంది? వంటింట్లో నిలబడే తినేది, మహాతల్లి! పిలిస్తే, "మీరు కానివ్వండర్రా, నాకు ఆకలి లేదు" అనేది.

అందుకని చేశారీయన. చాపలు గుంటలు పడకుండా కాళ్ల కింద చదును పట్టీలు. మా మామగారు తలుపులకు వేసే అతుకే, ఒక్క మేకు లేదు. కూర్చుంటే ఆవిడ తల మా తలల ఎత్తుకే వచ్చింది. ఆ పూట మిసో చారు అడిగి మరీ మళ్లీ పోయించుకుంది!

కిందటిసారి మీరు వచ్చి వెళ్లాక నేనే పోరు పెట్టాను. "పెంచితే మీ సొమ్మేం పోయింది?" అని. నిన్న పెంచారు. పాపం, చక్కగానే పెంచారు. మధ్యాహ్నం భోజనానికి అత్తయ్యను ఎక్కించాం.

ఏమైందంటారా? కాళ్లు గాల్లో వేలాడాయి. చెయ్యి బల్లకందలేదు. మా నడినెత్తులు చూస్తూ కాసేపు కూర్చుంది. "బాగుంది నాయనా, అమెరికా దొరసానిలా ఉన్నాను" అంది. నవ్వుతూనే దిగి, గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయింది.

 ఆయన రంపం తెచ్చి, కాళ్లు మళ్లీ పాత ఎత్తుకే కోసేశారు.

నవ్వకండి! నిజం చెప్పనా? నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ ముసలామె మీద. పనివాళ్ల కోసమైనా ఓ పూట ఓర్చుకోలేదా అని. నాలుగు మాటలతో కడిగేద్దామని వెంటే వెళ్లాను.

గోడకు ఆనుకుని, చల్లారిన అన్నం తింటోంది. నన్ను చూసి, నేనూ అక్కడే తినడానికొచ్చాననుకుంది కాబోలు, జరిగి చోటిచ్చింది.

నేనూ ఓ గిన్నె తెచ్చుకుని ఆవిడ పక్కనే నిలబడి తిన్నానండీ.

వద్దు, ఆయన కోసం ఆగకండి. నేనే చెబుతున్నా, పెంచం. పనివాళ్లకు ఇక పని లేదని చెప్పాల్సిందీ నేనేగా. ఏ మొహం పెట్టుకుని చెబుతానో! టీ తాగి వెళ్లండి.